ముందే రాసిన అంకెలు

మూడో అంతస్తు, అక్క ఇల్లు
జనవరి 4

చిరంజీవి గుండుకి,

అక్క ఆశీస్సులు. ఇంకా గుండు అనే పిలుస్తున్నానని మూతి ముడుచుకోకు. నలభై నాలుగేళ్ళొచ్చినా, మనుషుల్ని నిద్రపుచ్చి బల్ల మీద పడుకోబెట్టే పెద్ద మత్తు డాక్టరువైనా, నిన్న బ్యాంకు మేనేజరు ముందు నీళ్ళు నములుతుంటే నాకు కనిపించింది ఆ గుండుగాడే.

నెలకి తొమ్మిది లక్షలు సంపాదించేవాడికి తొంభై రెండు లక్షల అప్పు. ఇంటి లోను కాకుండా. అయిదు క్రెడిట్ కార్డులు, ఒక చేబదులు, మీ బావమరిది వ్యాపారానికి తెచ్చిచ్చింది ఒకటి. మేనేజరు చదువుతుంటే నాకు కళ్ళు తిరిగాయి. నువ్వు మాత్రం ఎవరి గురించో వింటున్నట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావు.

ఇప్పుడు ఆ ఏడూ కలిసి ఒక్క అప్పయింది. దానికి నా ఇల్లు తాకట్టు. ఆయన మూడేళ్ళ గడువు ఇస్తానంటే, ఒక్క ఏడాది చాలు, పన్నెండు వాయిదాల్లో కట్టేస్తాడు అన్నది నేనే. ఎందుకో చెబుతాను. నాకు అరవై ఒకటి. పోయిన మీ బావా నేనూ ఇరవై రెండేళ్ళు జీతాల్లోంచి గీసి గీసి కట్టుకున్న గోడలివి. మూడేళ్ళ పాటు ఇవి ఎవరివో తెలియకుండా వీటి మధ్య ఉండలేను.

ఫోను మాత్రం చెయ్యకు. చిన్నప్పటి నుంచీ నన్ను బుట్టలో వేసింది నీ గొంతే. కాగితం మీద రాయి. ఏ రోజు ఖర్చు ఆ రోజు రాసిపెట్టి నెలాఖరుకి పంపు. పెద్ద కారు అమ్మెయ్యి. క్లబ్బు మానెయ్యి. ఆ పెద్ద ఇల్లు అద్దెకిచ్చి ఏడాది పాటు చిన్న ఇంట్లో సర్దుకోండి. అన్నిటికంటే ముందు మరదలికి చెప్పు. అప్పుందనే తెలియని మనిషి చేత ఖర్చు తగ్గించడం ఎవరి వల్లా కాదు.

మీ అక్క


ఆసుపత్రి, డ్యూటీ గది
జనవరి 27

అక్కకి నమస్కారాలు.

మొదటి వాయిదా కట్టేశాను. రసీదు ఈ కవర్లోనే ఉంది, కళ్ళజోడు పెట్టుకుని చూసుకో.

నీ మరదలికి చెప్పాను. అరగంట సేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, పిల్లల నోటుపుస్తకం ఒకటి తెచ్చుకుని, ఎక్కడ తగ్గిద్దాం అంది. పెద్దదాన్ని గుర్రపు స్వారీ క్లాసు మాన్పించాం. చిన్నవాడు మాత్రం ఈత మాననని భీష్మించుకున్నాడు. కారు బ్రోకరుకి అప్పజెప్పాను. క్లబ్బుకి ఉత్తరం రాసేశాను. అద్దె ఇల్లు వెతుకుతున్నాం.

నిజం చెప్పాలంటే గుండెల మీంచి బరువు దిగింది అక్కా. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో నీ దగ్గరికి వచ్చేవాణ్ణి. నెల ఖర్చుల కాగితం కూడా జతపరిచాను. తప్పులుంటే చెవి మెలిపెట్టు.

నీ గుండు


మూడో అంతస్తు
ఫిబ్రవరి 6

గుండూ,

చెవి మెలిపెట్టడానికే రాస్తున్నాను.

నువ్వు ఇరవై ఏడున పోస్టు చేసిన కాగితంలో ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫై ఒకటి దాకా ఖర్చులు కూడా ఉన్నాయి. ముప్ఫయ్యో తారీఖున పెట్రోలుకి ఎంతయిందో చిల్లరతో సహా రాశావు. మూడు రోజుల తర్వాత పోయించబోయే పెట్రోలుకి చిల్లర ఎంతవుతుందో నీకెలా తెలిసింది?

ముప్ఫై ఏళ్ళు తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా చేశాను నేను. కొట్లో అడుగుపెట్టగానే కాటా జోలికి పోయేదాన్ని కాదు. రోజూ పొద్దున్నే కాటాని సరిచూసి రాయాల్సిన రిజిస్టరు అడిగేదాన్ని. రోజూ రాసిన రిజిస్టరులో కలం మారుతుంది, రాత మారుతుంది, ఒక పేజీ మీద నూనె చెయ్యి పడుతుంది. కూర్చున్న పళంగా నెలంతా రాసేసింది మాత్రం ముత్యాల్లా ఉంటుంది. నీ కాగితం ముత్యాల్లా ఉంది. అయిదు గ్రాముల తేడాకి ఒక పప్పుల కొట్టాయన చేత జరిమానా కట్టించిన మనిషిని. కాళ్ళావేళ్ళా పడ్డా వదల్లేదు.

మొన్న మరదలు ఫోను చేసింది. హాల్లోకి కొత్త కర్టెన్లు తీసుకుంటోందట, ఏ రంగైతే బాగుంటుంది వదినా అని అడిగింది. పిల్లనోసారి ఇమ్మంటే, అది గుర్రపు స్వారీకి వెళ్ళిందట. పెద్ద కార్లో.

ఒకే ఒక్క మాట రాయి. చెప్పావా, లేదా?

అక్క


డ్యూటీ గది
ఫిబ్రవరి 15

అక్కా,

చెప్పలేదు.

నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. ఒకసారి భోజనం దగ్గర కూర్చుని, నీతో ఒక మాట చెప్పాలి అన్నాను కూడా. తను చేతిలో గరిట అలాగే పట్టుకుని నా మొహంలోకి చూసింది. ఆ చూపులో రవ్వంత అనుమానం లేదు అక్కా. పదహారేళ్ళుగా నన్ను అలాగే చూస్తోంది, ఈయనుండగా నాకేమీ కాదు అన్నట్టు. ఏదో సెలవుల సంగతి చెప్పి ఊరుకున్నాను. ఆ చూపు పోగొట్టుకోవడం నా వల్ల కాదు. అప్పులన్నీ చేసింది కూడా దాని కోసమే, నీకు తెలియనిదేముంది.

కానీ కంగారు పడకు. దారి దొరికింది. ఊరి చివర చిన్న సర్జరీ ఆసుపత్రి ఒకటుంది. వాళ్ళకి సొంతంగా మత్తు డాక్టరు లేడు. సాయంత్రాలూ ఆదివారాలూ వస్తే కేసుకింతని చేతిలో పెడతారు. ఈ నెల మొదలుపెట్టాను. ఇంట్లో ఒక్కటి కూడా తగ్గించకుండా, ఎవరికీ తెలియకుండా, పన్నెండు వాయిదాలూ కట్టి పారేస్తాను. ఏడాదే కదా. చదువుకునే రోజుల్లో ముప్ఫై ఆరు గంటలు ఏకబిగిన పనిచేసిన ఒళ్ళు ఇది.

తిట్టాలనుంటే ఇప్పుడే తిట్టెయ్యి.

గుండు


మూడో అంతస్తు
ఏప్రిల్ 9

గుండూ,

తిడదామని రెండు ఉత్తరాలు రాసి చించేశాను. ఇంతలో మేనేజరు ఫోను చేశాడు. నాలుగో వాయిదా అయిదు రోజులు ముందే పడిందట. మీ తమ్ముడుగారు మాట మీద నిలబడే మనిషండీ అన్నాడు. విన్నాక నాకు తిట్టాలనిపించలేదు.

బ్యాంకు వాళ్ళు నాకూ ఒక కాగితం పంపారు. వరసగా రెండు వాయిదాలు తప్పితే ఇల్లు వేలానికి పెట్టే హక్కు వాళ్ళకుందట. సంతకం చేసినప్పుడు కూడా చదివాను. అప్పుడు అది కాగితమే. ఇప్పుడు పొద్దున్న వంటగది కిటికీ తెరుస్తున్నప్పుడు కూడా గుర్తొస్తోంది.

సరే, నీ పద్ధతిలోనే కానియ్యి. వేళకి తిను. ఖర్చుల కాగితాలు ఇక పంపొద్దు. అబద్ధాలు చదవడానికి నాకు ఓపిక లేదు. రసీదులు చాలు.

అక్క


చిన్న ఆసుపత్రి, మెట్ల కింద గది
జూలై 19

అక్కా,

ఏడో రసీదు ఇదిగో. అయిదే మిగిలాయి. ఇప్పుడు ఆదివారాలే కాదు, పెద్దాసుపత్రిలో డ్యూటీ లేని ప్రతి పూటా ఇక్కడే. ఇంట్లో నన్ను చూసి, నాన్న వచ్చాడు అని చిన్నవాడు వాళ్ళమ్మకి కబురు చెబుతున్నాడు, చుట్టం వచ్చినట్టు.

నిద్రలో ఇన్ని రకాలున్నాయని మత్తు డాక్టరునైన నాకే తెలియదు. ఒక రకం ఉంది, కళ్ళు తెరిచే ఉంటాయి. మొన్న కారు నడుపుతూ సిగ్నలు దగ్గర ఆగాను. ఎవరో అద్దం మీద కొడితే చూద్దును కదా, కారు రోడ్డు మధ్యలో గట్టుకి ఆనుకుని ఉంది. చిన్న గీత పడింది, అంతే. నీ మరదలు పార్కింగులో ఎవరో గీశారనుకుంది.

నీకొక నవ్వొచ్చే సంగతి చెబుతాను. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ రోగి నాడి, రక్తపోటు, ఆక్సిజన్ అయిదేసి నిమిషాలకొకసారి నేను చార్టులో రాయాలి. పెద్దాసుపత్రిలో మిషనే రాసుకుంటుంది. ఇక్కడి మానిటర్ పాతది, చూపిస్తుందే గానీ ఏదీ దాచుకోదు. చేత్తో రాయాలి. మామూలు కేసుల్లో అంకెలు పెద్దగా మారవు. అందుకని మొదట్లోనే గంటకి సరిపడా నింపేసి కూర్చుంటున్నాను. నువ్వు జనవరిలో పట్టుకున్న రోగమే ఇది, ముదిరింది.

ఇక్కడ ఆపరేషనయ్యాక రోగులు తేరుకునే గదిలో ఒక నర్సుంది. ఇరవై ఏళ్ళ సర్వీసు. నిన్న ఆపరేషన్ గదిలోకి వచ్చి నా భుజం తట్టి లేపింది, తర్వాత బయట టీ ఇచ్చింది. "డాక్టరుగారూ, ఏమనుకోకండి, ఒక వారం ఎటూ కదలకుండా పడుకోండి. మీ మొహం చూస్తే నాకు భయమేస్తోంది" అంది. ఆవిడ లేపేసరికి బల్ల మీద ఇంకా రోగి ఉన్నాడు అక్కా. నేను నిద్రపోయానని నాకు తెలియనే తెలియదు.

గుండు


మూడో అంతస్తు
జూలై 27

గుండూ,

నాకు నవ్వు రాలేదు. నీ ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివాను. పప్పులో అయిదు గ్రాములు తగ్గితే వదలనిదాన్ని, ఇది చదివి ఏం చెయ్యాలో నాకు తెలుసు. రేపటి నుంచి ఆ ఆసుపత్రి గుమ్మం తొక్కొద్దని రాయాలి.

రాయలేకపోతున్నాను. లెక్క వేశాను. అది మానేస్తే ఆగస్టు వాయిదా సగమే వస్తుంది. సెప్టెంబరుది రాదు. అక్టోబరులో ఈ ఇంటికి తాళం పడుతుంది. ఈ వయసులో ఏ గుమ్మంలో కూర్చోను? మీ ఇంటికి వస్తే మరదలికి ఏమని చెబుతావు?

ఆ చార్టు సంగతి ఎవరికీ చెప్పకు. ఆ నర్సుతో కూడా ఎక్కువ మాట్లాడకు. ఇంకో అయిదు నెలలు జాగ్రత్తగా లాగు. కాఫీ తాగు, మొహం కడుక్కో, కూర్చోకుండా నిలబడి పనిచెయ్యి. డిసెంబరు దాటితే నేనే వచ్చి నిన్ను మంచానికి కట్టేసి పడుకోబెడతాను.

అక్క


ఇల్లు, కారు షెడ్డు
అక్టోబరు 8

అక్కా,

చదివాక ఇది చించెయ్యి. ఇంట్లో రాయలేక కార్లో కూర్చుని రాస్తున్నాను.

లిఫ్టులు బాగుచేసే మనిషి. నలభై రెండేళ్ళు. హెర్నియా. గంట పని. బల్ల ఎక్కుతూ, "సార్, నాకు మెలకువ వచ్చేసరికి మా ఆవిడని లోపలికి రానిస్తారా? తనకి కంగారెక్కువ" అన్నాడు. రానిస్తారులే అన్నాను. రెండు ఆసుపత్రులూ కలిపి అది ఆ రోజు నాకు తొమ్మిదో కేసు.

నిద్రపుచ్చాను. గొంతులో గొట్టం వేశాను. ఊపిరి అందించే మిషను తగిలించాను. చార్టు నింపేశాను. మానిటర్ మోగుతుంటే సర్జన్‌కి చిరాకు, శబ్దం తగ్గించే ఉంటుంది. నిలబడే ఉన్నాను అక్కా, నువ్వు చెప్పినట్టే. ఎప్పుడు స్టూలు మీద కూర్చున్నానో తెలియదు.

కళ్ళు తెరిచేసరికి గొట్టం మిషను దగ్గర ఊడి వేలాడుతోంది. మానిటర్ మీద ఆక్సిజన్ నలభై ఎనిమిది. తొంభై అయిదుకి తగ్గకూడని అంకె అది. ఎంతసేపటి నుంచి అలా ఉందో నాకు తెలియదు. తగిలించాను. అంకె పైకి లేచింది. గుడ్డ తెర అవతల సర్జన్ కుట్లు వేస్తూ వాళ్ళబ్బాయి సీటు గురించి చెబుతున్నాడు. ఎవరూ చూడలేదు. నా చార్టులో ఆ నిమిషాలకి తొంభై తొమ్మిది అని ఉంది.

అప్పుడే చెప్పి ఉంటే పెద్దాసుపత్రికి పంపేవాళ్ళు. ఏదో ఒకటి చేసేవాళ్ళు. నేను చెప్పలేదు. నర్సుకి అప్పజెబుతూ అంతా బాగానే జరిగింది అన్నాను. పావుగంటకి ఆవిడ వచ్చి, "డాక్టరుగారూ, ఈయన లేచే తీరు నాకు బాగోలేదు" అంది. మత్తు కొంచెం ఎక్కువైంది, చూస్తుండు అన్నాను.

అతను లేవలేదు. నాలుగు రోజులు మిషను మీద ఉంచారు. అయిదో తారీఖున పోయాడు. ఆ నాలుగు రోజులూ అతని భార్య వరండాలో అదే కుర్చీలో కూర్చుంది. నేను అటు నుంచి వెళ్ళిన ప్రతిసారీ లేచి నిలబడి నమస్కారం పెట్టింది.

పదో వాయిదా కట్టాను.


మూడో అంతస్తు
అక్టోబరు 14

తమ్ముడికి,

చించలేదు.

రసీదు అందింది. దాన్ని మడత విప్పి చూడలేకపోయాను. జూలైలో నేనొక్క మాట రాసి ఉంటే ఈ రోజు ఆయన ఎక్కడో లిఫ్టు బాగుచేసుకుంటూ ఉండేవాడు. ఇది నీ ఒక్కడి పాపం కాదు.

చెప్పావా? ఎవరికైనా? ఆ భార్యకి ఏమని చెప్పారు? వెంటనే రాయి. ఇప్పటికైనా వెళ్ళి చెప్పు. ఇంటి సంగతి నేను చూసుకుంటాను.

అక్క


డ్యూటీ గది
నవంబరు 20

అక్కా,

జవాబు ఆలస్యమైంది. విచారణ జరుగుతోంది, అందుకని.

చిన్న ఆసుపత్రి వాళ్ళు వేసిన కమిటీలో నలుగురు కూర్చున్నారు. నా చార్టు చేతులు మారింది. వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు తీసి, ఇంత శుభ్రంగా రాసిన చార్టు ఈ మధ్య చూడలేదన్నాడు. ఆపరేషన్ అంతసేపూ తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది. అంటే తేడా వచ్చింది తర్వాత, తేరుకునే గదిలో. నర్సు తను వచ్చి నాకు చెప్పానంది. కానీ కాగితం మీద రాయలేదు. నేను బాగానే ఉందంటే నమ్మి ఊరుకుంది. ఆవిడ సరిగ్గా కనిపెట్టుకుని ఉండలేదని తేల్చారు, అతని భార్యకీ అదే చెప్పారు. సస్పెండ్ చేశారు. డిసెంబరు రెండున పదకొండు గంటలకి చివరిసారి పిలిచి, ఉద్యోగంలోంచి తీసేస్తారు.

నువ్వేమంటావో తెలుసు. ఆలోచించు. ఆవిడకి ఇంకో చోట పని దొరుకుతుంది. నేను నోరు విప్పితే నా లైసెన్సు పోతుంది, జైలు కూడా కావచ్చు. నీ మరదలు, పిల్లలు ఏమవుతారు? నేను నోరు మూసుకున్నది నీ ఇంటి కోసం కూడా అక్కా. పదకొండో వాయిదా కట్టాను. ఒక్కటి మిగిలింది, ఒక్కటంటే ఒక్కటి. జనవరిలో నేను వచ్చినప్పుడు నీ కాగితాలు నీ చేతిలో పెడతాను.

నీ మరదలికి ఇప్పటికీ ఏమీ తెలియదు. అప్పూ తెలియదు, ఇదీ తెలియదు. నిన్న నా తల నిమురుతూ, మీరు ఈ మధ్య బాగా నిద్రపోతున్నారు అంది. నిజమే, పోతున్నాను. దానికే నాకు భయమేస్తోంది.

ఉత్తరాలన్నీ తగలబెట్టు. ఎవరికీ చెప్పొద్దని జూలైలో రాసింది నువ్వే. అది నా దగ్గర లేదు, చించేశాను. నేను రాసినవి నీ దగ్గరున్నాయి. ఇద్దరికీ మంచిది కాదు.

గుండు


మూడో అంతస్తు
నవంబరు 28

తమ్ముడికి,

ఆ నర్సు ఇంటికి వెళ్ళొచ్చాను. నీ అక్కనని చెప్పే వెళ్ళాను. తలుపు మొహం మీద వేస్తుందనుకున్నాను. లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చింది. రెండు గదుల ఇల్లు. మంచం మీద వాళ్ళ అత్తగారు, లేవలేని మనిషి. "మీ తమ్ముడుగారు మంచివారండి. పాపం ఆయనకి నిద్ర ఉండేది కాదు. ఇప్పుడైనా పడుకుంటున్నారా?" అని అడిగింది.

లేచి వస్తుంటే వీధిలో ఎదురుగా ఒకావిడ నిలబడి ఉంది. ఎవరని నర్సుని అడిగాను. పోయినాయన భార్యట. రోజూ మధ్యాహ్నం వస్తుందట. ఏమీ అనదట. ఆ గుమ్మం వైపు చూస్తూ కాసేపు నిలబడి వెళ్ళిపోతుందట. "ఏదైనా అనేస్తే బాగుణ్ణమ్మా, అనడం లేదు" అంది నర్సు. తను చెయ్యని దానికి ఆ చూపు తను మోస్తోంది. నేనూ ఆ గుమ్మంలోనే ఉన్నాను కాబట్టి కాసేపు నా మీద కూడా పడింది.

నిన్న పొద్దున బ్యాంకుకి వెళ్ళాను. నా గాజులూ, రిటైరైనప్పుడు దాచిన డిపాజిట్టూ ఊడ్చి చివరి వాయిదా నేనే కట్టేశాను. అప్పు తీరిపోయింది. ఇంటి కాగితాలు నా చేతికిచ్చి మేనేజరు లేచి నిలబడి అభినందనలు చెప్పాడు. ఇంటికొచ్చి హాల్లో కూర్చుని చూశాను. ఇంతకాలం దీని కోసమేనా అనిపించింది. ఎక్కువసేపు కూర్చోలేకపోయాను. ఇక నా ఇల్లు నీకు సాకు కాదు.

ఇది అందిన రోజే మరదలికి చెప్పు. అప్పు సంగతి ముందు, ఆ మనిషి సంగతి తర్వాత. ఆ పిల్ల ఇది నీ నోటి నుంచే వినాలి. నువ్వు పోగొట్టుకుంటానని భయపడ్డ చూపు ఉంటుందో పోతుందో నాకు తెలియదు. పోతే పోనీ, దాని కోసం ఇంకెవర్నీ బలిపెట్టకు.

రెండో తారీఖున పది గంటలకి నేను ఆ ఆసుపత్రి వరండాలో ఉంటాను. నువ్వొచ్చి నీ అంతట నువ్వు లోపలికి వెళితే, బయటికొచ్చేదాకా నీ కోసం కూర్చుంటాను, ఎంతసేపైనా. ఆ తర్వాత ఎక్కడికి తీసుకెళ్ళినా వెనకే వస్తాను. నువ్వు నా తమ్ముడివి, అందులో మార్పు లేదు. రాకపోతే పదకొండింటికి నేను లోపలికి వెళతాను.

ఉత్తరాలు తగలబెట్టలేదు. తారీఖుల వరసన పెట్టాను. నావి నీ దగ్గర లేవన్నావు. రాసిన ప్రతి ఉత్తరానికీ నకలు ఉంచుకోవడం నా ఉద్యోగం నేర్పిన అలవాటు. అన్నీ కట్టగట్టి, జూలైలో నేను రాసింది పైన పెట్టాను.

అక్క